శబ్దం మాత్రమే వస్తోంది

రిచీ స్ట్రీట్‌లో రెండో అంతస్తు. మెట్ల కింద చార్జర్ల బుట్టలు.
మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన వేళ
ఆమె వచ్చి పెన్‌డ్రైవ్ నా కీబోర్డు మీద పెట్టింది.
"తెరుచుకోవట్లేదా?" అన్నాను.
మాట్లాడలేదు.
"కాపీ అవుతుంటే మధ్యలో లాగేశారా?" అన్నాను.
చెవి వైపు వేలు చూపించి, అడ్డంగా ఊపింది.

బిల్లు పుస్తకం వెనక మొదట తమిళంలో రాసింది.
కీబోర్డు కింద పరిచిన పాత తెలుగు పేపరు చూసి
కొట్టేసి, తెలుగులో రాసింది.
పేరు సుభాషిణి.
బారసాల నాటికి ఎవరికి మాత్రం తెలుస్తుంది.

నాలుగు వందల పన్నెండు ఎంబీ.
ప్లేయర్లు మార్చాను. కోడెక్‌లు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి వేశాను.
ఫైలు పేరు చివరి మూడక్షరాలు మార్చాను.
బోర్డు మారిస్తే షాపు మారదు, అయినా మారుస్తాం.
ఏదీ పనిచేయనప్పుడు చేసే పని ఒకటుంది మా వృత్తిలో:
రీస్టార్ట్ కొట్టి, టీ చెప్పడం.

నల్లటి చట్రం. కింద గీత మీద చుక్క కదలదు.
టీ సగంలో ఉండగా జబ్బు తెలిసింది. రాసి చూపించాను:
"తీస్తుండగానే ఫోను ఆగిపోయింది. పుస్తకమంతా అచ్చయింది,
విషయసూచిక కుట్టకముందే ప్రెస్సులో దీపం ఆరింది.
పేజీలున్నాయి. ఏది ఎక్కడుందో దానికే తెలియదు."
ఆమె చదివి, కింద రాసింది: "ఎంత?"
మూడొందల యాభై.

సాయంత్రానికి సగం లేచింది ఫైలు.
"శబ్దం వస్తోంది" అని గెలిచినవాడిలా రాశాను,
"బొమ్మే రావట్లేదు."
రాశాక చూసుకున్నాను, ఏం రాశానో.

నవ్వింది. కోప్పడి ఉంటే బాగుండేది.
"ఏం శబ్దం? చెప్పండి" అని రాసింది.

పద్దెనిమిదేళ్ళుగా స్పీకర్లు పరీక్షిస్తున్నాను.
తమ బదులు వినిపెట్టమని అడిగినవాళ్ళు లేరు.
హెడ్‌ఫోన్ పెట్టుకుని రాస్తూ పోయాను:
ఫ్యాను, ఒక రెక్క దేనికో తగులుతోంది.
కాకి.
కుక్కరు, రెండు విజిల్స్.
దూరంగా రైలు. (పెరంబూరు లోకల్, అని ఆమె పక్కన చేర్చింది.)
గాజులు. గాజులు ఆగాయి.
అరచేతి మీద అరచెయ్యి, రెండుసార్లు.
ఊపిరి.
మళ్ళీ గాజులు, చాలా త్వరగా.

'రెండుసార్లు' దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.
తన అరచేతులు అలాగే కలిపి చూసుకుంది,
ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా.
ఏదని నన్ను కళ్ళతో అడిగింది.
వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను, మళ్ళీ.
మెల్లగా.
ఆమె భుజాలు దిగాయి. ఆ మాటకి అర్థం నాకు చెప్పలేదు.

"అదే ఫోనుతో తీసిన ఇంకో వీడియో కావాలి, బాగున్నది.
దాని ఎముకలు చూసి దీనికి ఎముకలు కట్టాలి."
మర్నాడు తెచ్చింది: కూవం వంతెన మీద వాన, పదకొండు సెకన్లు,
మనుషులు లేరు, లెన్సు మీద ఒక బొట్టు.
చోటు చాలనప్పుడు ముందుగా చెరిపేసే రకం.
దాంతోనే లేచింది.

మొదట పన్నెండు సెకన్లు ఆకుపచ్చ బురద,
చతురస్రాలు చతురస్రాలుగా ఒక చీర అంచు,
తర్వాత ఒక్కసారిగా చేతులు.
ఆరు నిమిషాలు నడిచాయి చేతులు.
ఎందుకో వాల్యూమ్ తగ్గించాను.
తెరలో ఆవిడ చెబుతుంటే ఈవిడ వేళ్ళతో అడ్డం తగులుతోంది,
కాదంటోంది, తిడుతోందేమో, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.
మా షాపులో ఇంత గొడవ ఎప్పుడూ జరగలేదు.
పక్క షాపు జబ్బార్ తొంగిచూసి
"ఎన్న సార్, మళ్ళీ కరెంటు పోయిందా?" అన్నాడు.

డబ్బిచ్చి, తలుపు దగ్గర ఆగి, నా వైపు తిరిగింది.
గడ్డం దగ్గర్నుంచి ముందుకి ఒక కదలిక,
దాని వెనకాలే ఇంకోటి, పొడుగ్గా, రెండు చేతులతో.
మొదటిది థాంక్స్ అయ్యుండాలి.
రెండోది నా దగ్గర తెరుచుకోలేదు.